ఖాట్మండులో విద్యుత్ కారు: కొనేవారి ప్రశ్నలు

ఖాట్మండు నగరం నడిబొడ్డున రత్న పార్కు వద్ద కాసేపు నిలుచున్న వారికి, ఎదుట సాగిపోతున్న వాహనాల రద్దీకి తగినంత రొద వినిపించకపోవడం వింతగా తోస్తుంది. హారన్లు మోగుతాయి, కండక్టర్ల కేకలు వినిపిస్తాయి; ఇంజన్ల గుడగుడలు మాత్రం మన నగరాలలో ఉన్నంతగా లేవు. తెల్లని మూడు చక్రాల బండ్లు, లోపల ఎదురెదురు బల్లలపై పదిమంది ప్రయాణికులతో, చప్పుడు లేకుండా మలుపు తిరిగిపోతుంటాయి. వాటిని అక్కడివారు సఫా టెంపోలు అంటారు. సఫా అనగా శుభ్రమైనది. వాటిని నడిపేవారిలో అనేకులు స్త్రీలు.

ఈ టెంపోల పుట్టుకతో మన ప్రభుత్వరంగానికి ఒక చుట్టరికం ఉన్నది. ఒకప్పుడు ఆ లోయను పొగతో నింపినవి డీజిలు విక్రమ్ టెంపోలు. వాటిని లక్నోలోని స్కూటర్స్ ఇండియా లిమిటెడ్ అనే మన ప్రభుత్వరంగ సంస్థ తయారు చేసేది. 1993లో అమెరికా సహాయంతో అలాంటి ఒక బండి ఇంజను తీసివేసి, బ్యాటరీలు, మోటారు అమర్చి పరీక్షించారు. 1999లో డీజిలు టెంపోలను లోయ నుండి బహిష్కరించారు, సఫాలు నిలిచాయి. అంతకు ముందే, 1975లో, చైనా సహాయంతో త్రిపురేశ్వర్ నుండి సూర్యవినాయక్ వరకు 13 కిలోమీటర్ల మేర ట్రాలీ బస్సులు నడిచాయి. అవి ఇప్పుడు లేవు. ఈ విధంగా విద్యుత్ వాహనం ఖాట్మండుకు నిన్నటి వింత కాదు. కొత్త కారు ముందు నిలిచి అక్కడి మనిషి అడిగే ప్రశ్నలో ఆ పాత అనుభవం పలుకుతుంది. ఈ సంగతి మాకు అక్కడికి వెళ్ళిన తరువాతనే తెలిసింది.

2024 ఆగస్టులో మేము ముగ్గురం అధికారిక పని మీద నేపాల్ వెళ్ళాము. బయలుదేరే ముందు, మరుసటి సంవత్సరం పదవీ విరమణ చేయవలసి ఉన్న మా విభాగపు పెద్దాయన ఒకరు మా చేతికి ఒక కాగితం ఇచ్చారు. అందులో పన్నెండు ప్రశ్నలు. గ్రాట్యుటీ సొమ్ములో కొంత వెచ్చించి ఒక విద్యుత్ కారు కొనాలని ఆయన సంకల్పం. టాటా వారి నెక్సాన్‌పై మనసు పడ్డారు. కూతురు, మనవలు హైదరాబాదులో ఉన్నారు. రామగుండం నుండి సుమారు 230 కిలోమీటర్లు. భార్యకు మోకాళ్ళ నొప్పులు; బస్సు మెట్లు ఎక్కలేరు. "షోరూములో వాళ్ళు అమ్మేవాళ్ళు, వాళ్ళ మాట సరే. కొని నడిపేవాళ్ళు ఏమంటారో కనుక్కొని రండి. నాకు ఈ వయసులో ఇంకొక కారు కొనే శక్తి లేదు" అన్నారు. ఆ చివరి మాట వల్ల ఆ కాగితాన్ని మేము పాస్‌పోర్టుతో సమానంగా దాచుకొన్నాము.

నేపాల్‌లో చమురు బావులు లేవు. ప్రతి లీటరూ మన దేశం నుండి వెళ్ళవలసిందే. 2019 సెప్టెంబరులో మోతీహారి నుండి అమ్లేఖ్‌గంజ్ వరకు ఇండియన్ ఆయిల్ వారి 69 కిలోమీటర్ల గొట్టపు మార్గం ప్రారంభమైన తరువాత ట్యాంకర్ల బెడద తగ్గినది. అయితే 2015లో సరిహద్దు వద్ద సరఫరాలు స్తంభించిన నెలలను ఖాట్మండు మరచిపోలేదు. సీసాడు పెట్రోలు కోసం రాత్రుళ్ళు వరుసలో నిలుచున్నామని హోటలు గుమాస్తా మొదలు ఆచార్యుల వరకు అందరూ చెప్పారు. విద్యుత్తు సంగతి మరొక కథ. ఒకప్పటి చలికాలాలలో రోజుకు పదహారు గంటలకు పైగా కోత ఉండేది. 2016 చివరి నుండి రాజధానికి ఆ బాధ తొలగినది. 2021లో 456 మెగావాట్ల ఎగువ తామాకోశీ కేంద్రం తోడైన తరువాత వానాకాలంలో ఎగుమతికి సరిపడ కరెంటు మిగులుతున్నది. చమురు కొరత, విద్యుత్ మిగులు, వీటికి తోడు పెట్రోలు కార్లపై కారు ధరను మించిపోయే పన్నులు. 2024–25 ఆర్థిక సంవత్సరంలో ఆ దేశం దిగుమతి చేసుకొన్న ప్రయాణికుల కార్లలో నూటికి 70కి పైగా విద్యుత్‌వే కావడంలో ఆశ్చర్యం లేదు.

ఇక్కడ మన ఉద్యోగ మిత్రులకు ఒక మాట చెప్పాలి. హిమాలయ నదులు చలికాలంలో సన్నగిల్లుతాయి. అప్పుడు నేపాల్ మన దేశం నుండి కరెంటు కొంటుంది. ముజఫర్‌పుర్ నుండి ఢల్కేబర్‌కు 400 కిలోవోల్టుల లైను ఉన్నది. కనుక మాఘమాసపు చలిలో ఖాట్మండులో నడిచే కారులో ఎక్కడో ఒక పిసరు మన బొగ్గు కూడా మండుతున్నదన్నమాట. ఆ కారును శుద్ధ జలవిద్యుత్ వాహనమని మురిసిపోయే మిత్రుడొకరికి మేము ఈ విషయం చెబితే, ఆయన నవ్వి "వానాకాలంలో తిరిగి ఇచ్చేస్తున్నాం కదా" అన్నారు.

భృకుటి మండపంలో ఆ రోజులలో మోటారు వాహనాల ప్రదర్శన జరుగుతున్నది. టిబెట్టు రాజును పెండ్లాడిన రాకుమారి పేరు పెట్టిన ఆ మైదానంలో, చైనా, కొరియా, భారత కార్లు దీపాల వెలుగులో తళతళలాడుతున్నాయి. మేము ఒక స్తంభానికి ఆనుకొని నిలబడి, కారును వదలి, చూడవచ్చిన వారిని గమనించాము. అమ్మకపు యువకుడు పెద్ద తెర గురించి, పైకప్పు అద్దం గురించి, కారు దానంతట అదే ఆగే కెమెరాల గురించి వర్ణిస్తున్నాడు. వచ్చినవారు వాటిని మర్యాదకు చూసి, వంగి కారు అడుగుభాగం వైపు చూస్తున్నారు. మొట్టమొదటి ప్రశ్న: నేలకూ అడుగుకూ ఎంత ఎడం? ఎందుకంటే బ్యాటరీ ఉండేది అక్కడే. రాయి తగిలితే? రెండవది: ఎక్కగలదా? ఐదుగురు, సామాను, దాని పైన అత్తగారిని ఎక్కించుకొని ఎక్కగలదా? మూడవది: మోటారు ఎన్ని కిలోవాట్లు? మన ఊళ్ళో ఇది యువకులు వేగం కోసం అడిగే ప్రశ్న. అక్కడ పన్ను కోసం అడుగుతారు. మోటారు శక్తి 50, 100 కిలోవాట్ల మెట్లు దాటినకొద్దీ సుంకం పెరుగుతుంది. అందువలన కొన్ని కార్ల శక్తిని ఆ గీతకు లోబడేటట్లు తగ్గించి తెస్తారు. బడ్జెట్టు ప్రసంగం ఇంజనీరింగు పని కూడా చేయగలదని మేము అక్కడ గ్రహించాము.

నాల్గవ ప్రశ్న విని మేము తెల్లబోయాము. "గన్ ఏది?" అని ఒక పెద్దమనిషి గద్దించి అడిగాడు. చార్జింగు తీగ చివర ఉండే పిడిని గన్ అంటారు. చైనా పద్ధతి జీబీ/టీ ఒకటి, యూరపు పద్ధతి సీసీఎస్-2 ఒకటి. రెండు రకాల వాహనాలూ వస్తున్నందున, దారిలో ఉన్న కేంద్రంలో తన కారుకు సరిపడే పిడి ఉన్నదా లేదా అన్నది అక్కడి వారికి నిత్య ప్రశ్న. మన దేశంలో కార్లకు సీసీఎస్-2 స్థిరపడినందున మనకు ఈ చింత తక్కువ.

అటువంటి సమయంలో నలభై ఏండ్ల స్త్రీ ఒకరు వచ్చారు. పాత కుర్తా, భుజాన గుడ్డసంచి. ఆమెను చూసి యువకుడు మొదట అంతగా పట్టించుకోలేదు. ఆమె చక్రాల నడుమ చూసి, "భాయీ, దీనికి నీళ్ళు ఎన్నాళ్ళకొకసారి పోయాలి?" అని అడిగారు. అతడు అద్దాలు తుడిచే నీళ్ళనుకొని ముందు మూత చూపించాడు. ఆమె నవ్వారు. పదునాలుగు సంవత్సరాలుగా సఫా టెంపో నడుపుతున్నానని, సీసపు బ్యాటరీలో శుద్ధజలం తగ్గితే పలకలు చెడిపోతాయని చెప్పారు. లిథియం బ్యాటరీకి ఆ పని లేదని యువకుడు వివరించాడు. కారు బరువు, వేగం, దూరం చదివాడు. ఆమె విని, తాపీగా మరొకటి అడిగారు.

"ఇవాళ ఎంత దూరం పోతుందో చెప్పావు. నాలుగో ఏట ఎంత పోతుంది?"

యువకుడు ఎనిమిదేండ్ల హామీ ఉన్నదన్నాడు.

"హామీ దేనికి? బండి ఆగిపోతేనా, బలం తగ్గితేనా? నూటికి ఎంతకు పడితే మారుస్తారో కాగితంలో నాకు చూపించు, దిదీ అని పిలవకపోయినా ఫరవాలేదు" అన్నారామె.

చుట్టూ ఉన్నవారు నవ్వారు గాని, ఆ కరపత్రంలో ఆ అంకె కనబడలేదు. అతడు లోపలికి వెళ్ళి మేనేజరును పిలుచుకువచ్చాడు. ఆమె తన కథ మాకు తరువాత హిందీలో చెప్పారు. టెంపోకు రోజుకు రెండు జతల బ్యాటరీలు కావాలి; మధ్యాహ్నం కేంద్రానికి వెళ్ళి మార్చుకొంటారు. కొత్త జత కొన్నప్పుడు బండి పరుగెడుతుంది. క్రమక్రమంగా ఒక్కొక్క ట్రిప్పు తగ్గుతుంది, ఇంటి ఖర్చు తగ్గదు. జత మార్చేనాటికి మళ్ళీ అప్పు. నలుగురు కలిసి ఒక విద్యుత్ మైక్రోబస్సు కొనాలని ఆమె ఆలోచన. "కొన్నరోజు అందరూ చెబుతారు భాయీ. బ్యాటరీ ముసలిదయ్యాక చెప్పేవాడు కావాలి" అన్నారు. మా పెద్దాయన కాగితం తీసి చూసుకొన్నాము. పన్నెండింటిలో ఈ ప్రశ్న లేదు. పదమూడవదిగా అక్కడికక్కడే వ్రాసుకొన్నాము.

మిగిలిన పన్నెండింటికి సమాధానం దారిలో దొరుకుతుందని, ఆదివారం పోఖ్రా వెళ్ళడానికి ఒక నెక్సాన్ విద్యుత్ కారునే అద్దెకు మాట్లాడుకొన్నాము. తొలి రకం, 30.2 కిలోవాట్ అవర్ల బ్యాటరీ. అనగా మన మీటరు లెక్కలో ముప్పై యూనిట్లు. పరీక్షాశాలలో రోలర్లపై తేల్చిన దూరం 312 కిలోమీటర్లు. డ్రైవరు దాయి (అన్నను అక్కడ దాయి అంటారు) మాత్రం "కాగితం మీద మూడు వందలు, రోడ్డు మీద రెండు వందలు" అని తేల్చివేశాడు. ఖాట్మండు నుండి పోఖ్రా దూరం సరిగ్గా ఆ రెండు వందలే.

నూరు శాతంతో బయలుదేరాము. కలంకి దాటి థాన్‌కోట్ మీదుగా నాగ్‌ఢుంగా కనుమ చేరేసరికి 91. అక్కడి నుండి లోయ అంచు తెగి రోడ్డు నౌబీసే వైపు జారుతుంది. లారీలు బ్రేకుల వాసన వేస్తూ దిగుతున్నాయి. మా దాయి పెడలు మీది నుండి పాదం తీశాడు. కారు తనంతట తానే పగ్గం బిగించినట్లు నెమ్మదించినది. మోటారు ఇప్పుడు జనరేటరు అయినది. పది కిలోమీటర్లకు పైబడిన ఆ దిగుడులో అంకె తగ్గకపోగా, నౌబీసేలో 92 చూపించినది. విద్యుదుత్పత్తి చేసి జీతం తీసుకొనే మేము ముగ్గురమూ పిల్లలవలె ఆ అంకెను చూస్తూ కూర్చున్నామంటే పాఠకులు నవ్వకూడదు. తిరుగు ప్రయాణంలో అదే గుట్ట మా వద్ద నుండి పదమూడు శాతం వసూలు చేసినది. ఇచ్చినదానికన్న పుచ్చుకొన్నదే ఎక్కువ. కొండల లెక్క అంతే.

నౌబీసే వద్ద రోడ్డు చీలుతుంది. ఎడమకు వెళ్ళేది త్రిభువన్ రాజపథం. 1950ల దశకంలో భారత సైనిక ఇంజనీర్లు వేసినది. ఎదుట సాగేది చైనా సహాయంతో 1974 నాటికి పూర్తయిన పృథ్వీ రాజమార్గం. రాజపథం రాకముందు రాణా ప్రభువుల కార్లను భీమ్‌ఫేదీ నుండి కొండల మీదుగా కూలీలు భుజాలపై మోసి ఖాట్మండుకు చేర్చేవారు. కారును మనుషులు మోసిన ఊరు, నేడు ఆ కారును గురించి ఎన్ని ప్రశ్నలైనా అడగవచ్చు, ఆ హక్కు వారికున్నదని మాకు తోచినది.

దారి పొడవునా కుడిప్రక్కన త్రిశూలి నది బురద రంగులో పోటెత్తి ప్రవహిస్తున్నది. రోడ్డు వెడల్పు చేసే పనుల వలన గుంతలు, నీరు. ఆ జులైలోనే ముగ్లింగ్ అవతల సిమల్‌తాల్ వద్ద కొండచరియ విరిగిపడి రెండు బస్సులు నదిలో కొట్టుకుపోయాయి. ఆ ప్రస్తావన వచ్చినప్పుడు దాయి రేడియో ఆపివేశాడు. బ్యాటరీ పెట్టెకు ఐపీ67 గుర్తింపు ఉన్నదని, అనగా మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా లోపలికి తేమ చేరకూడదని మేము చదివిన సంగతి చెప్పాము. ఆయన తల ఊపి, "పెట్టెకు ఉన్నది సర్, కారుకు లేదు. కారు తేలుతుంది" అన్నాడు. ఆ సెప్టెంబరు చివర కుండపోత వానలకు వాగ్మతి, నఖ్ఖు నదులు పొంగి ఖాట్మండులో వాహనాలు మునిగిన వార్త చదివినప్పుడు మాకు ఆ మాటే జ్ఞాపకం వచ్చినది.

కురిన్‌తార్ చేరేసరికి 65 శాతం. అక్కడ మనకామన అమ్మవారి గుడికి 1998 నుండి తీగపై పెట్టెలు నడుస్తున్నాయి. ఒక భోజనశాల ఆవరణలో చార్జింగు కేంద్రం ఉన్నది. నేపాల్ విద్యుత్ ప్రాధికరణం దేశంలో 51 కేంద్రాలు నెలకొల్పినది. వాటికి మించి ఇటువంటి ప్రైవేటువి వెలిశాయి. మాకన్నా ముందు రెండు చైనా మైక్రోబస్సులు జీబీ/టీ పిడి కోసం వరుసలో ఉన్నాయి, సీసీఎస్ ఖాళీ. మాకు అదృష్టం. పప్పు, అన్నం, ముల్లంగి పచ్చడి, త్రిశూలి చేప వడ్డించారు. చేయి కడుక్కొని వచ్చేసరికి 92. "ఎంతసేపు పడుతుంది?" అన్నది పెద్దాయన మూడవ ప్రశ్న. అన్నం తినేంతసేపు అన్నది దాయి సమాధానం. ఇంటి దగ్గర పదిహేను ఆంపియర్ల సాకెట్టుకు తగిలిస్తే తొమ్మిది గంటలు. అప్పుడు ఎంతసేపని అడిగేవారుండరు, నిద్రపోతారు.

చార్జి చేయకుండా కూడా పోఖ్రా చేరగలం కదా అని అడిగాము. చేరవచ్చు, పదిహేను శాతం మిగిలేది అన్నాడు. "దారిలో మట్టి విరిగిపడితే రాత్రంతా ఇక్కడే. కారు ఆగి ఉంటే కరెంటు తినదు, ఏసీ తింటుంది. వెనక్కు తిరిగి పొమ్మంటే మాత్రం మిగిలినది చాలాలి. నేను ఎప్పుడూ పోవడానికి లెక్కవేయను సర్, వెనక్కు తిరగడానికి లెక్కవేస్తాను." ఆయన చెప్పిన మరొక సంగతి ఏ ప్రదర్శనలోనూ ఎవరూ అడగగా వినలేదు. ఈ కార్లలోనూ మామూలు పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా చిన్నది చస్తే తలుపు తెరుచుకోదు. పుష్యమాసపు తెల్లవారుజామున ఆయనకు రెండుసార్లు జరిగినదట. అదనపు చక్రం సంగతి కూడా చూసుకోమన్నాడు. కొన్ని కొత్త కార్లలో దాని బదులు గాలి పంపు, పంక్చరు ద్రావణం పెట్టి పంపుతున్నారు. కొండదారిలో టైరు ప్రక్కన చీలితే ఆ ద్రావణం తీర్థానికి సరిపోతుంది.

పోఖ్రాకు 44 శాతంతో చేరాము. ఫేవా సరస్సు, మబ్బు వెనుక దాగిన మచ్ఛపుచ్ఛ్రే శిఖరం గురించి ఈ పత్రికలో లోగడ అనేకులు వ్రాసియున్నారు. వానాకాలంలో శిఖరం కనబడదు. అంతకన్నా చెప్పవలసినది లేదు.

రామగుండం తిరిగి వచ్చిన తరువాత మా పెద్దాయనతో ఒక సాయంత్రం కూర్చున్నాము. ఖాట్మండు ప్రశ్నలన్నీ ఇక్కడ పనికిరావు. మనకు నాగ్‌ఢుంగా లేదు, హైదరాబాదు వరకు దాదాపు చదునే. మనకున్నది వైశాఖం. నలభై అయిదు డిగ్రీల ఎండలో ఏసీ గంటకు యూనిట్టో, యూనిట్టున్నరో తింటుంది. నాలుగు గంటల ప్రయాణానికి అది ముప్పై నలభై కిలోమీటర్ల దూరానికి సమానం. కారు నీడన నిలిపితే కొంత ఆదా. ఎండకు బ్యాటరీ ముసలితనం త్వరపడుతుంది కనుక, ద్రవంతో చల్లబరచే ఏర్పాటు ఉన్నదా అన్నది మనం మొదట అడగవలసిన ప్రశ్న. నెక్సాన్‌లో అది ఉన్నది. క్వార్టరు ఖాళీ చేసిన తరువాత ఆయన కొనబోయే అపార్టుమెంటులో తన మీటరు నుండి కారు నిలిపే చోటుకు తీగ లాగనిస్తారా అన్నది రెండవది. ఆ రెండవదానికి కారు కంపెనీ జవాబు చెప్పలేదు. అపార్టుమెంటు సంఘం కార్యదర్శి చెప్పాలి. బొగ్గు కరెంటుతో నడిపితే ఏమి పుణ్యమని ఆయన అడిగినప్పుడు, మన జలాశయంపై 2022 నుండి తేలుతున్న 100 మెగావాట్ల సౌరపలకలను చూపించి, పగటిపూట చార్జి చేసుకోమన్నాము. పూర్తి జవాబు కాదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

ఆ సెప్టెంబరులోనే నెక్సాన్‌లో 45 కిలోవాట్ అవర్ల రకం వచ్చినది. కాగితంపై 489 కిలోమీటర్లు. దాయి లెక్కన మూడింట రెండు వంతులు వేసుకొన్నా, ఏసీకి ముడుపు చెల్లించినా, హైదరాబాదు చేరి ఇంకా మిగులుతుంది. పెద్దాయన ముఖం వికసించినది. అయినా ఆయన షోరూముకు వెళ్ళి అడిగినది దూరం గురించి కాదు. నాలుగో ఏట, ఎనిమిదో ఏట బలం ఎంతకు పడితే మారుస్తారో వ్రాతపూర్వకంగా చూపించమని అడిగారు. అక్కడి యువకుడు కూడా లోపలికి వెళ్ళి మేనేజరును పిలుచుకువచ్చాడట. హామీ పత్రం పూర్తి ప్రతి తెప్పించి ఇవ్వడానికి వారు నాలుగు రోజులు గడువు అడిగారు. ఐదవ రోజున కళ్ళజోడు సవరించుకొని ఆ పత్రాన్ని ఆయన ఇంటి వరండాలో మొదటి పుట నుండి చదవడం మొదలుపెట్టారు. అడ్వాన్సు చెక్కు మాత్రం అప్పటికింకా బల్ల మీదనే, సంతకం లేకుండా ఉన్నది.